ఎక్కడికే నీకంత తొందర

సింహాచలం కొండ మీదికి మబ్బు దిగిందంటే గోపాలపట్నంలో ఆడవాళ్ళు దండేల మీది బట్టలు తీసేస్తారు. పైన అప్పన్న తలంటు పోసుకుంటున్నాడు, ఆ నీళ్ళు కిందికి రాక మానవని నవ్వుకుంటూ, మళ్ళీ నవ్వినందుకు చెంపలేసుకుంటూ తీసుకుంటారు. ఆ ఏడు కార్తీకంలో మాత్రం స్వామి తలంటు ఎంతకీ ముగియలేదు. తుపాను సముద్రంలో ఎక్కడో కదలకుండా కూర్చుంది. పట్టపగలే దీపాలు పెట్టుకోవలసి వచ్చింది. నవ్వులు కూడా తగ్గిపోయాయి.

వరహాలు షెడ్డు హైవే పక్కనే. రేకుల కప్పు, నూనె తాగి నల్లబడ్డ నేల, గోడకి అప్పన్న పటం. ఆ పటానికి దణ్ణం పెట్టందే స్పానర్ ముట్టడు. షెడ్డు వెనకే ఇల్లు. ఆ ఇంట్లో పురిటికి వచ్చిన కూతురు ఈశ్వరి. నెలలు నిండాయి. బిడ్డ అడ్డంగా తిరిగి ఉందనీ, నొప్పులు మొదలైతే ఇంట్లో కూర్చోకుండా వెంటనే పెద్దాసుపత్రికి తెచ్చేయాలనీ డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. వరహాలుని పక్కకి పిలిచి ఇంకో మాట కూడా అంది. "ఆలస్యమైతే ఇద్దరూ దక్కరు." ఆ మాట అతను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అన్నం కలుపుకుంటున్నా, బోల్టు బిగిస్తున్నా తన చెవికి మాత్రం అదే వినిపిస్తోంది.

సెల్‌ఫోన్లు ఇంకా మన జేబుల్లోకి రాని రోజులవి. వాన పడితే ఆటోలు కంటికి కనబడేవి కావు. అందుకే వరహాలు తాతబాబు కారుని ముందే మాట్లాడి పెట్టుకున్నాడు. తాతబాబుది జాలరిపేట. తండ్రీ అన్నలూ అందరూ వేట మీద బతికేవాళ్ళే. ఇతనికి మాత్రం పడవెక్కితే చాలు, కడుపులో పేగులు బయటికొచ్చేవి. అందుకని నేల మీద బతుకుదామని, ఈమధ్యే తగరపువలసలో ఒక బ్రోకరు దగ్గర తెల్లటి పాత ఫియట్ కారు కొనుక్కున్నాడు.

ఆ కారు దీపాలు పెట్టే వేళకి షెడ్డు ముందుకొచ్చి ఆగింది. ఆగింది అనకూడదు. నిలబడి గర్జించింది.

అప్పుడే వరహాలు పాల ప్యాకెట్టుకని గోనె కప్పుకుని బయల్దేరుతున్నాడు. తాతబాబు కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

"ఎక్కడికి బావా, ఇంత వానలో?"

గుమ్మంలో నిలబడ్డ వరహాలు పెళ్ళాం చిట్టమ్మ ఒంటికాలి మీద లేచింది. "ఓలబ్బా, నీ నోట్లో మన్నొయ్యా! గడప దాటే మనిసిని ఎక్కడికంటావేటి? దూరమా అనాల! రావయ్యా, ఎనక్కొచ్చి కూకో. గుక్కెడు నీల్లు తాగి అప్పుడెల్దువు గాని."

మన వైపు ఆ పట్టింపు ఎంతటిదో మీకు చెప్పక్కర్లేదు. బయల్దేరినవాణ్ణి ఎక్కడికని అడిగితే ఆ ప్రయాణం అక్కడితో చెడినట్టే. వెనక్కి రావాలి, కూర్చోవాలి, నీళ్ళు తాగాలి, మళ్ళీ కొత్తగా బయల్దేరాలి. చిట్టమ్మకైతే అది వేదం.

"మా పేటలో అడగం అక్కా," అన్నాడు తాతబాబు నవ్వుతూ. "అందరం ఎల్లేది ఒక్క సముద్రానికే గదా, ఇంకేటడుగుతాం?"

"నువ్వొక్కడివే ఎల్లవు గదా, అందుకే నీకు పద్దతి తెలీదు," అనేసి చిట్టమ్మ లోపలికి పోయింది. తాతబాబు మొహం ముడుచుకున్నాడు. వరహాలు నవ్వుతూ నీళ్ళు తాగి, పాల సంగతి మర్చిపోయి, కారు బానెట్ ఎత్తాడు.

"ఏటయింది తాతబాబూ దీనికి?"

"నిలబెడితే సాలు, రేసైపోతంది బావా. కాలు తీసేసినా తగ్గదు. బ్రేకు మీద నిలబడాల. గేరేత్తే కుందేల్లాగ దూకుతంది."

"ఇలాటి దాన్లో నా కూతుర్ని ఎక్కిత్తానా? ఒక్క కుదుపు తగిలినా నాను తట్టుకోనేను. నువ్వెల్లి టీ తాగిరా. నాను సూత్తాను."

తాతబాబు తలమీద ప్లాస్టిక్ సంచి కప్పుకుని రోడ్డవతల హోటల్లోకి పరిగెత్తాడు. వరహాలు పటానికి దణ్ణం పెట్టుకుని పనిలోకి దిగాడు.

ఇంజను ఊరికే నిలబడ్డప్పుడు ఎక్కువ వేగంతో తిరుగుతోందంటే కారణాలు కొన్నే ఉంటాయి. వరహాలుకి అవి వేళ్ళకొసల్లో ఉంటాయి. ముందు ఆ వేగాన్ని పెంచి తగ్గించే స్లో స్క్రూ చూశాడు. పూర్తిగా వెనక్కి తిప్పేసి ఉంది. అంతకన్నా దించడానికి లేదు. చోక్ వైరు పట్టేసిందేమోనని లాగి చూశాడు, బాగానే జారుతోంది. యాక్సిలరేటర్ రాడ్డు ఊడదీసి పక్కన పెట్టాడు. ఇప్పుడిక పెడల్‌కీ ఇంజనుకీ సంబంధం లేదు. అయినా అదే గర్జన. వెనక్కి లాగే స్ప్రింగు మార్చి కొత్తది వేశాడు. అదే గర్జన.

"గాలి దొంగతనంగా లోపలికి పోతంది," అనుకున్నాడు. కార్బురేటర్ కింద ప్యాకింగ్ చిట్లితే ఇంజను ఆ సందులోంచి గాలి పీల్చుకుని రేసవుతుంది. ఆ సందు ఎక్కడుందో పట్టుకోవడానికి వరహాలు దగ్గర ఒక సన్న రబ్బరు పైపు ఉంది. ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ఇంజను చుట్టూ మెల్లగా తిప్పుతాడు. చిట్లిన చోట స్‌స్‌స్ మని వినబడుతుంది. డాక్టరు గుండె చూసినట్టే.

పైపు చెవిలో పెట్టుకోగానే కరెంటు పోయింది.

రేకుల మీద వాన. హైవే మీద అప్పుడప్పుడూ లారీ. టార్చి వెలిగించి వరహాలు మళ్ళీ వంగాడు. ఏదో వాసన తగిలింది. పెట్రోలు కాదు, కాలిన నూనె కాదు. చిక్కగా, వెచ్చగా... ఆముదం. నొప్పులు తొందరగా రావాలని పాతకాలంలో తాగించేవాళ్ళే, ఆ ఆముదం. ఇంట్లోంచి వస్తోందేమో అనుకుని పైపు కొస ప్యాకింగ్ దగ్గరికి పోనిచ్చాడు.

స్‌స్‌స్... దొరికింది.

కానీ ఆ చప్పుడు ఒక్క తీరుగా లేదు. గాలి చప్పుడైతే ఆగకుండా సాగాలి. ఇది ఆగుతోంది. మళ్ళీ మొదలవుతోంది. ఆగుతోంది. పళ్ళు బిగబట్టి, ముక్కుతూ, మధ్యమధ్యలో ఎగపీలుస్తూ...

చెవిలోంచి పైపు పీకేశాడు. "నరసింహా, నరసింహా," అనుకున్నాడు. పొద్దున్నించీ తిండి సరిగా లేదు, చెవులు గింగురుమంటున్నాయి అని సర్దిచెప్పుకున్నాడు. ఇంజను ఆపి, కార్బురేటర్ విప్పి చూస్తే ప్యాకింగ్ నిజంగానే చిట్లి ఉంది. అమ్మయ్య. మనిషికి ఒక కారణం దొరికితే ఎంత ధైర్యమో! కొత్త ప్యాకింగ్ వేసి, రాడ్డు తగిలించి, బోల్టులు బిగించి తాళం తిప్పాడు.

గర్జన.

టార్చి దగ్గరగా పెట్టి చూశాడు. కార్బురేటర్ గొంతులో గాలికి దారిచ్చే చిన్న రేకు తలుపు ఉంటుంది. దాన్ని తిప్పే ఇనప మీట బయటికి ఉంటుంది. కాలు తీసేస్తే ఆ మీట వచ్చి స్లో స్క్రూకి ఆనుకోవాలి. ఆనుకోలేదు. దానికీ స్క్రూకీ మధ్య వేలెడు సందు. కొత్త స్ప్రింగు వెనక్కి లాగుతోంది. ఇంకేదో ముందుకు నెడుతోంది.

వరహాలు చూపుడు వేలితో ఆ మీటని వెనక్కి నొక్కాడు. అది వెనక్కి నొక్కింది. ఇనుము బిగుసుకుంటే రాయిలా ఉంటుంది కదా, ఇది అలా లేదు. మెత్తగా, బతిమాలుతున్నట్టు, వదలకుండా... పట్టుబట్టిన పసిపిల్ల చెయ్యి నెట్టినట్టు.

రోజూ ఇంజన్లతో మాట్లాడే అలవాటు. నోరు జారింది.

"ఎక్కడికే తల్లీ, నీకంత తొందర?"

మీట ఆగింది. ఠక్కున వచ్చి స్క్రూకి ఆనింది. ఇంజను దిగిపోయింది. డుగ్... డుగ్... డుగ్... ఇంత మెత్తటి ఐడిలింగు తన చేత్తో ఎప్పుడూ పెట్టలేదు. మాట వినడానికి తల తిప్పినట్టు, ఊపిరి బిగబట్టినట్టు.

వరహాలు నవ్వబోయాడు. ఏమన్నాడో అప్పుడు గుర్తొచ్చింది.

ఎక్కడికి.

రబ్బరు పైపు భుజం మీదే వేలాడుతోంది. దాని ఒక కొస అతని చెవి పక్కనే ఉంది. రెండో కొస ఎక్కడో ఇంజను లోతుల్లో... అందులోంచి వచ్చింది మాట. తడిసిన మాట.

"ఆసుపత్రికి..."

వరహాలు పైపు లాగేయబోయాడు.

"బండి ఆపీకు... అన్నా... ఆపీకు..."

మెడ మీద చెయ్యి పడింది. కెవ్వుమన్నాడు.

"నానే బావా, నానే! టీ ఒలికిపోనాది సూడు!" తాతబాబు రెండు గ్లాసులూ ఒక చేత్తో పట్టుకుని బిక్కమొహం వేశాడు. అంతలోనే ఇంజను చప్పుడు విని మొహం వెలిగింది. "ఓలమ్మా! ఎంత బాగా తగ్గించినావు! ఏటి సేసినావు బావా?"

వరహాలు అతని చొక్కా పట్టుకున్నాడు. "ఈ బండిలో ఏటి జరిగింది? నిజం సెప్పు. నా కూతురు ఎక్కాల్సిన బండి."

తాతబాబు గ్లాసులు కింద పెట్టాడు. గొంతు తగ్గించాడు. "బోకరు సెప్పనేదు బావా. సంతలో పకోడీల బండోడు సెప్పినాడు. నాను నమ్మనేదు. ముందు దీన్ని నడిపేవోడు పెట్రోలు మిగుల్తాదని స్లో బాగా దించీసి ఉంచేవోడట. ఓ వానలో పురిటి మనిసిని ఎక్కించుకుని ఒత్తంటే రైలు గేటు పడిందట. ఆడ ఇంజను ఆగిపోనాది. గేటు తీసినారు గానీ ఇంజను లేవనేదు. మనిసి కూడా నేదు... ఒక్కర్తే, తోడు కూడా ఎవులూ నేరట."

వాన ఒక్కసారిగా పెరిగింది. ఆ వానలోంచి చిట్టమ్మ పరిగెత్తుకొచ్చింది. తల మీద చెంగు లేదు, చేతిలో గొడుగు లేదు.

"అమ్మాయికి నొప్పులొచ్చీసినాయి! ఉమ్మనీరు పోయింది. ఏటి సూత్తన్నారు, బండి తియ్యండి!"

మీరైతే ఏం చేసేవారు? ఇంకో బండి లేదు. ఆటో లేదు. ఆలస్యమైతే ఇద్దరూ దక్కరు. వరహాలు అప్పన్న పటం వైపు చూశాడు. కర్పూరం వెలిగించే వ్యవధి లేదు. వెలిగించినట్టే అనుకుని, తిన్నగా కారు దగ్గరికి వెళ్ళి, స్క్రూడ్రైవరుతో స్లో స్క్రూ లోపలికి తిప్పాడు. ఇంకా తిప్పాడు. ఇంజను మళ్ళీ గర్జించింది.

"పిచ్చెక్కిందా బావా? ఇప్పుడే గదా బాగు సేసినావు!"

"బాగు సెయ్యలేదు. ఆయమ్మ మాట ఇననేదు నాను," అని బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. "తల్లీ, నువ్వూ రా. ఈసారి బండి ఆగదు. మా పిల్లని సల్లగా సూడు." బానెట్ దించేశాడు.

వెనక సీట్లో ఈశ్వరి, పక్కన చిట్టమ్మ. ముందు తాతబాబు, వరహాలు. ఎన్ఏడీ జంక్షను దాటాక రోడ్డు మీద నీళ్ళు మోకాలి లోతున్నాయి. ఆగిపోయిన బండ్లు అటూ ఇటూ తోసేసి ఉన్నాయి. ఫియట్ మాత్రం నీళ్ళు చీల్చుకుంటూ పోయింది. కుదుపుతాయని భయపడ్డ గేర్లు వెన్నలా పడుతున్నాయి. ఈశ్వరి మూలుగుతోంది. కారంతా ఆముదం వాసన.

అప్పుడు గేటు పడింది.

ఎర్రదీపం ముందు కారు ఆగింది. పోర్టుకి ఇనప రాయి మోసుకుపోయే గూడ్సు. ఆ రైళ్ళ సంగతి మనకి తెలిసిందే, డబ్బా తర్వాత డబ్బా, తరగదు. మన డ్రైవర్లందరికీ ఒక అలవాటు ఉంటుంది. గేటు పడగానే చెయ్యి దానంతటదే తాళం మీదికి పోతుంది. తాతబాబు చెయ్యి కూడా పోయింది. వరహాలు "వద్దు!" అనేలోపే తిప్పి, తాళం బయటికి లాగేశాడు.

వరహాలు కళ్ళు మూసుకున్నాడు.

గర్జన ఆగలేదు.

కళ్ళు తెరిచాడు. తాళం తాతబాబు చేతిలో ఉంది. ఇంజను నడుస్తూనే ఉంది. తాతబాబు రెండు కాళ్ళూ సీటు మీదికి ముడుచుకున్నాడు. కింద, చీకట్లో, యాక్సిలరేటర్ పెడల్ తనంతట తనే కిందికి దిగింది. కాస్త లేచింది. మళ్ళీ దిగింది.

వెనకనించి ఈశ్వరి నీరసంగా అంది. "అమ్మా, కాసింత అటు జరగవే. ఇరుగ్గా ఉంది."

"నానీ కొసాకే ఉన్నానే. నీకు ఆ పక్కంతా కాళీయే గదా."

"కాళీ ఏటి..." ఈశ్వరి పళ్ళ బిగువున అంది. "మరి ఈ చెయ్యి ఎవులిది? వదలమని సెప్పవే... ఎంత సల్లగా ఉందో..."

చిట్టమ్మ చేతులు రెండూ తన ఒళ్ళోనే ఉన్నాయి.

ఎవరూ వెనక్కి తిరగలేదు. వరహాలు గట్టిగా, గొంతు చించుకుని, అప్పన్న నామం చదవడం మొదలెట్టాడు. గూడ్సు చివరి డబ్బా దాటింది. గేటు లేచింది. తాతబాబు ఏడుస్తూనే గేరు వేశాడు.

ఆసుపత్రి వసారా కిందికి రాగానే ఇంజను దిగింది. డుగ్... డుగ్... చిన్న దగ్గు కూడా లేకుండా ఆగిపోయింది. తాళం ఇంకా తాతబాబు గుప్పిట్లోనే ఉంది. స్ట్రెచరు తెచ్చారు, ఈశ్వరిని దించారు. చిట్టమ్మ దిగింది. ఎవరూ ముట్టుకోని ఆ రెండో పక్క తలుపు కిర్రుమని తెరుచుకుంది. లోపలికి పోయే గచ్చు మీద స్ట్రెచరు వెనకే ఒక్కొక్కటిగా పడుతున్న తడి పాదాల గుర్తులు... చిట్టమ్మవే అనుకున్నాడు వరహాలు. చిట్టమ్మ స్ట్రెచరుకి ముందు నడుస్తోంది.

పాపం, ఇన్నాళ్ళకి చేరాల్సిన చోటికి చేరింది తల్లి అనుకుని, చేతులు జోడించాడు. నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

తెలవారుతుండగా ఆపరేషను చేసి ఆడపిల్లని తీశారు. తల్లీ పిల్లా క్షేమం. వాన వెలిసింది. మెట్లెక్కి కొండకొస్తానని మొక్కుకున్నాడు వరహాలు. తువ్వాల్లో చుట్టి పిల్లని చేతికిచ్చారు. ముద్దుగా ఉంది, జుట్టు ఒత్తుగా ఉంది. చూపుడు వేలు ఇచ్చాడు, పట్టుకోమని. పిల్ల పట్టుకోలేదు. అరచేత్తో ఆ వేలుని నెట్టింది. మెత్తగా, బతిమాలుతున్నట్టు, వదలకుండా...

వరహాలు నవ్వు ఆగిపోయింది.

పిల్లని మంచం మీద పడుకోబెట్టి, వంగి, గుండె మీద చెవి ఆనించాడు. లోపల పరుగు. దడదడమని, ఊపిరి తిరగనంత పరుగు.

"పసిపిల్లల గుండె అంతే కొట్టుకుంటుంది తాతా, కంగారు పడకు," అంది నర్సు, దుప్పటి సర్దుతూ. చదువుకున్న పిల్ల, ఊరికే అంటుందా? నిజమే అయ్యుంటుంది. వరహాలుకి ప్రాణం కుదుటపడింది. చెవి తియ్యబోతున్నాడు.

పిల్ల కాళ్ళూ చేతులూ ఆడించింది. మత్తు పూర్తిగా దిగని ఈశ్వరి తల తిప్పి, కూతుర్ని మొదటిసారి కళ్ళారా చూసుకుని, మురిసిపోతూ అంది.

"ఎక్కడికే తల్లీ, నీకంత తొందర?"

వరహాలు చెవి కింద పరుగు ఠక్కున ఆగింది.

డుగ్...

డుగ్...

అవతల చిట్టమ్మ చేతిలోంచి నీళ్ళ గ్లాసు జారి పడింది. తువ్వాల్లోంచి సన్నగా ఆముదం వాసన. చెవి తీసేయాలని ఉంది వరహాలుకి. తియ్యలేకపోయాడు. అడిగితే జవాబు వస్తుందని ఆ గదిలో అతనొక్కడికే తెలుసు.